మట్టిగోడ కూల్చిన తరువాత

తెనాలి

మిద్దెల మీద, బాల్కనీల్లో, పెరళ్ళలో మొక్కలు పెంచుకుంటున్న పిల్లలకు,

మొన్న పొద్దున మా వీధి చివరింటి అమ్మాయి అరచేతిలో సొరపిందె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. బొటనవేలంత పిందె. కొసన పువ్వు వాడి అతుక్కుపోయింది, తొడిమ దగ్గర పసుపు తిరిగింది. “మామ్మగారూ, ఇది పదకొండోది. పూత బాగానే ఉంది, పిందె పడుతోంది, నాలుగు రోజులకు ఇలా అయిపోతోంది. ఏం మందు కొట్టమంటారు?” అంది. వర్మీకంపోస్టు వేసిందట, ఎముకల పొడి వేసిందట, పుల్లమజ్జిగ చల్లిందట. ఆఫీసు నుంచి రాత్రి ఎప్పటికో ఇల్లు చేరే పిల్ల, మళ్ళీ తెల్లారగట్ల లేచి మూడంతస్తులు బకెట్లు మోసుకెళ్ళి పెంచుకున్న పాదు అది. ఆ ముఖం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

చాకు తెచ్చి పిందెను నిలువునా కోశాను. పండు ఈగ పొడిచి ఉంటే లోపల సన్నటి తెల్లపురుగులు మెదులుతాయి. అవి లేవు. గింజ కట్టాల్సిన చోట నీటి చుక్కల్లాంటివి కనబడ్డాయి, అంతే. “దీనికి జబ్బేమీ లేదమ్మా. ఆ పువ్వు దగ్గరికి ఎవరూ రాలేదు” అన్నాను.

“ఎవరు రావాలి మామ్మగారూ?” అంది.

ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. పువ్వు నిలువుకోత బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలను. కేసరాలు, కీలాగ్రం, పుప్పొడి, పక్కన ఒక తేనెటీగ, బాణం గుర్తు. పిల్లలు ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే మా పెరట్లో ఆ పని చేసే ప్రాణులను నేను నా చేతులతో వెళ్ళగొట్టాను. ఆ సంగతి దాచను, చెబుతాను. ముందు సొరపాదు మాట.

సొరపువ్వు ఎందుకంత తెల్లగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది రాత్రి పువ్వు. చీకటి పడే వేళ విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. పొట్లపువ్వూ అంతే, దాని అంచున తెల్లటి పోగులు చీకట్లో జరీ కుచ్చుల్లా మెరుస్తాయి. బీరపువ్వు పసుపుదే అయినా పూసేది సాయంత్రమే. మా అమ్మ గడియారం చూసేది కాదు, బీరపూలు విచ్చుకున్నాయంటే దీపం పెట్టే వేళయిందని లేచేది. (నేతిబీర మాత్రం పొద్దున్నే పూస్తుంది, పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి.) ఈ సాయంత్రపు పూల కోసం వచ్చేవి చాలావరకు రాత్రి తిరిగే రెక్కల పురుగులు. వాటిలో పెద్దవాటిని ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు. వేలెడు లావు ఒళ్ళు. పువ్వు మీద వాలదు, గాలిలోనే నిలబడుతుంది. చుట్ట చుట్టి దాచుకున్న నాలుకను తీగలా చాచి తేనె తాగుతుంది. రెక్కలు కంటికి ఆనవు, ఒంటికి అటూ ఇటూ మసకగా ఏదో కదులుతున్నట్టుంటుంది. ఒక పువ్వు దగ్గర రెండు క్షణాలు ఆగి ఇంకో పువ్వుకు పోతుంది. దాని ముఖానికీ నాలుకకీ అంటుకున్న పుప్పొడి వల్లనే మీకు సొరకాయ కాసేది.

ఆ పురుగు చిన్నతనంలో ఎక్కడుంటుందో తెలుసా? చేమాకుల మీద, చిలగడదుంప తీగల మీద, తోక దగ్గర చిన్న కొమ్ముతో లావుగా పాకుతూ కనిపిస్తాయి చూడండి, అలాంటివే పెరిగి ఇలా రెక్కలు తొడుక్కుంటాయి. చేమాకు తినేస్తోందని మనం దాన్ని చెప్పుతో నలిపేస్తాం. నాలుగు చేమాకులు దక్కుతాయి, సొరకాయ పోతుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని, ఇంత చదువు చదివి కూడా, నాకు యాభై దాటాకే తెలిసింది.

పైగా దీపాలు. 2017లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు చీకటి పచ్చిక బయళ్ళలో వీధిదీపాలు పెట్టి చూశారు. దీపం కింది పూలకు రాత్రిపూట వచ్చిపోయే పురుగుల రాక, చీకట్లో ఉన్న పూలతో పోలిస్తే 62 శాతం తగ్గిపోయింది. మన మిద్దెల మీద ఇప్పుడు ట్యాంకు దగ్గరొక ఎల్‌ఈడీ, మెట్ల దగ్గరొకటి, అందానికి పందిరి చుట్టూ సీరియల్ దీపాలు, తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. ఆ వెలుతురులో సొరపువ్వు ఎవరి కోసం పూయాలి?

ఆ అమ్మాయికి ముందు చేతిసాయం నేర్పాను. సాయంత్రం ఏడింటికి మగపువ్వు కోసి, రేకలు వెనక్కి మడిచి, పిందె ఉన్న పువ్వు నడుమ మెల్లగా అద్దడం. మర్నాడు తొమ్మిదింటికి తీరిగ్గా అద్దితే లాభం లేదు, అప్పటికి పువ్వు పనైపోతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో సొరపాదు పెట్టుకున్న మన పిల్లలు కూడా చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. గుమ్మడి, కాకర, దోస అయితే పొద్దున్నే అద్దాలి. కానీ చేతిసాయంతో ఎన్నాళ్ళు? చైనాలో సిచువాన్ రాష్ట్రంలోని హాన్‌యువాన్ ప్రాంతంలో రైతులు ఈకల కుచ్చులు పట్టుకుని బేరి చెట్లెక్కి పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. ఏళ్ళ తరబడి అదే పని. మన పిల్లలు రోజూ సాయంత్రం ఆ పని చేస్తూ కూర్చోవాలని నేను కోరుకోను.

దోసకాయ ఒక పక్క బొద్దుగా, ఒక పక్క సన్నగా వంకర తిరిగి కాస్తే విత్తనం మంచిది కాదంటారు. చాలాసార్లు విత్తనం తప్పు కాదు. లోపల ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు అందాలి. తేనెటీగ ఒకటి రెండుసార్లు వచ్చి మళ్ళీ రాకపోతే సగం గింజలే కడతాయి, గింజ కట్టని వైపు కండ పెరగదు. ఆ వంకర కాయను చేతిలోకి తీసుకుంటే ఆ పువ్వు దగ్గరికి ఎందరొచ్చారో చూసినట్టే. దొండపాదుకు మాత్రం ఈ బెంగ లేదు, మనం పెంచే రకాలు ఎవరూ రాకపోయినా కాస్తాయి. అందుకే కాబోలు అన్ని మిద్దెల మీదా దొండ ఒక్కటే పచ్చగా గెలుస్తోంది.

ఇక వంకాయ. నా తప్పు ఇక్కడుంది.

వంగపువ్వు నడుమ పసుపుపచ్చగా మొనదేలిన కేసరాలుంటాయి. మిగతా పూలలో లాగా అవి విచ్చుకోవు. కొసన సూది బెజ్జమంత కన్నం ఉంటుంది, పుప్పొడి లోపలే ఉంటుంది. గాలికి ఊగితే కాస్త రాలుతుంది. బాగా రాలాలంటే ఎవరో వచ్చి పట్టుకుని కుదపాలి. పుట్ట తేనెటీగకు ఆ విద్య రాదు. వచ్చేది వేరే ఈగ. నల్లటి పొట్ట మీద లేత నీలం చారలు, ఛాతీ మీద తేనె రంగు నూగు. అది పువ్వును కాళ్ళతో వాటేసుకుని, తలకిందులుగా వేలాడి, రెక్కలు ముడుచుకుని, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం బిగబట్టి అదిరిస్తుంది. ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వు పట్టుకున్నాక ‘జుయ్’ మని సన్నగా హెచ్చే మోత వేరు. చెవి దగ్గర పెట్టుకుని వింటే తంబురా తీగ మీటినట్టుంటుంది. ఆ అదురుకు కేసరం కన్నంలోంచి పసుపు పొడి పొట్ట మీద రాలుతుంది.

ఈ ఈగలు పట్టు పెట్టవు, తేనె దాచవు, మనుషుల జోలికి రావు. ఒక్కో ఆడ ఈగ మెత్తటి మట్టిలో తన బొరియ తానే తవ్వుకుంటుంది. మా ఇంటి పడమటి వైపు పాటిమట్టి గోడ ఉండేది. మా మామగారి నాటిది. పైన తాటాకు కప్పు, కింద పెన్సిలు పట్టేంత చిల్లులు వందల కొద్దీ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గోడ పక్కన అంట్లు తోముతుంటే నా తల మీదుగా పోతూ వస్తూ ఉండేవి. సాయంత్రం అయ్యేసరికి మగ ఈగలు ఎండిన తులసి పుల్లను నోటితో కరిచి పట్టుకుని వరసగా వేలాడుతూ నిద్రపోయేవి. రోజూ అదే పుల్ల. మా పెద్దమ్మాయి చిన్నప్పుడు దీపం బుడ్డి తెచ్చి వాటిని లెక్కపెట్టేది.

1998లో ఆ అమ్మాయి పెళ్ళి కుదిరింది. వచ్చే పోయే వాళ్ళకు బురద లేకుండా ఉండాలని పెరడంతా సిమెంటు చేయించాను. మట్టిగోడ అసహ్యంగా ఉందని కూల్చి ఇటుక గోడ పెట్టించి రంగు వేయించాను. అందరూ ఇల్లు కళకళలాడుతోందన్నారు. ఆ ఏడు వేసవిలో రెండు మూడు ఈగలు ఆ కొత్త గోడ వెంట పైకీ కిందికీ తిరుగుతూ తడుముకోవడం నేను చూశాను. ఒక చోట ఆగి, తాకి, మళ్ళీ కాస్త పక్కకు జరిగి తాకి... అరగంట సేపు. వరండాలో కూర్చుని ఇంటర్ పేపర్లు దిద్దుకుంటూ చూశాను. తులసి కుండీ పక్కన చీపురుతో ఊడ్చేశారు కాబట్టి ఆ ఎండు పుల్ల కూడా లేదు. నాకు తట్టలేదు. తర్వాతి సంవత్సరాల్లో వంగ కాపు తగ్గితే విత్తనం మార్చాను, నేల మార్చాను, ఎరువు మార్చాను. గోడ మాట గుర్తుకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ పాతికేళ్ళలో ఇలా ఎన్ని మట్టిగోడలు కూలాయో, ఎన్ని పెరళ్ళ మీద టైల్సు పరిచామో మీరే ఊహించుకోండి. మా తరం చేసిన పని ఇది. కలిగినంతలో శుభ్రంగా బతకాలనే ఆశతోనే చేశాం.

తుమ్మెద సంగతీ అంతే. మన పాటల్లో, పద్యాల్లో తుమ్మెద లేని చోటు లేదు. శ్రీశైలంలో అమ్మవారి పేరే భ్రమరాంబ, తుమ్మెదల తల్లి. గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే ఝుంకారం వినిపిస్తుందని ఇప్పటికీ భక్తులు వరసలో నిలబడి ఆనించి వింటారు, నేనూ విన్నాను. మా వీధిలో పదేళ్ళ పిల్లవాణ్ణి తుమ్మెదను చూపించమంటే మాత్రం పుస్తకంలో బొమ్మ చూపించాడు. మునగచెట్టు పూసినప్పుడు దాని మీద నల్లగా, బండగా, నీలం మెరుపు రెక్కలతో గుయ్యిమనే తుమ్మెద ఒకప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించాల్సిన వస్తువు కాదు. మునగకాయ దిగాలంటే ఆ బరువు కావాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి గారు తన సహచరులతో కలిసి మునగపూల దగ్గర కూర్చుని వచ్చేపోయే ఈగలను పరిశీలించి 1990లో అచ్చువేశారు. అక్కడ తేలిన అసలైన పనివాళ్ళు తుమ్మెదలూ, నేను చెప్పిన ఆ నీలి చారల ఈగల జాతివాళ్ళూ. తంగేడు పువ్వు కూడా వంగపువ్వులాగే పుప్పొడి లోపల దాచుకునేదే. బతుకమ్మలో పేర్చే తంగేడు మళ్ళీ మొలకెత్తాలంటే దాన్ని కుదిపే తుమ్మెదలు ఉండాలి.

తుమ్మెదకు ఇల్లు ఎండు కర్ర. వెదురు గడకు గుండ్రటి రంధ్రం తొలిచి, పొట్టు రాల్చి, లోపల గదులు కట్టుకుంటుంది. వెదురు పందిళ్ళు తీసేసి ఇనుప పైపులు పెట్టాం. ఎండు కొమ్మ కనబడితే కొట్టేస్తాం. దూలానికి రంధ్రం చేస్తే కిరసనాయిలు పోస్తాం.

పిల్లలు చాలామంది నన్ను అడుగుతున్నారు, తేనెటీగల పెట్టె కొని మిద్దె మీద పెడితే సరిపోతుందా అని. సరిపోదు. ప్రపంచంలో 20,000 పైచిలుకు తేనెటీగ జాతులున్నాయి. తేనె కోసం మనం వాడుకునేవి వేళ్ళ మీద లెక్కించేటన్ని. మిగతా వాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా, నేలలో, గోడల్లో, పుల్లల్లో గూడు పెట్టుకునేవే. పెట్టె కొన్నంత మాత్రాన మీ వంగపువ్వు దగ్గరికి నీలి చారల ఈగ రాదు. ఆ డబ్బుకు ఒక బండి మట్టి తెప్పించుకోండి.

ఈ తగ్గుదల మన వీధిదే కాదు. జర్మనీలో క్రేఫెల్డ్ అనే ఊళ్ళో పురుగుల మీద ప్రేమతో తీరిక వేళల్లో పనిచేసేవాళ్ళు కొందరు, 1989 నుంచి 63 రక్షిత ప్రాంతాల్లో వలలు కట్టి, పడిన ఎగిరే పురుగులను తూకం వేస్తూ వచ్చారు. 27 ఏళ్ళలో ఆ తూకం 75 శాతానికి పైగా పడిపోయింది. 2017లో ఆ లెక్క బయటికి వచ్చాకే ప్రపంచం ఉలిక్కిపడింది. అంతకు ముందు ఏడాది, 2016లో, ఐక్యరాజ్యసమితి అండ ఉన్న జీవవైవిధ్య నిపుణుల వేదిక ఇంకో మాట చెప్పింది: ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత ఈ ప్రాణుల మీద ఆధారపడినవే. వరికీ గోధుమకీ మొక్కజొన్నకీ ఇవి అక్కర్లేదు. కంచంలో అన్నం ఉంటుంది. అన్నం చుట్టూ ఉండే కూర, పచ్చడి, పండు పలచబడతాయి.

మందుల గురించి గట్టిగానే చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పేనుబంక పట్టిందని దుకాణానికి వెళితే చిన్న సీసాలో ఇమిడాక్లోప్రిడ్ ఇస్తారు. రెండు చుక్కలు చాలంటారు. అది ఆకు మీద ఆగిపోయే మందు కాదు. మొక్క దాన్ని పీల్చుకుంటుంది, రసంలో తిప్పుకుంటుంది, పూసినప్పుడు పుప్పొడిలోకీ తేనెలోకీ పంపిస్తుంది. పువ్వు పిలుస్తుంది, ఈగ వస్తుంది, విషం తాగుతుంది. అక్కడే పడి చావకపోయినా గూటికి దారి మరిచిపోతుంది. యూరప్ దేశాలు 2018లో దీన్నీ దీని తోబుట్టువులు రెండింటినీ ఆరుబయట వాడకుండా నిషేధించాయి. అమ్మకానికి వేసే వేల ఎకరాల పైరు కాదు కదా మనది, పది కుండీల తోట. పేనుబంకను నీళ్ళ ధారతో కడగండి, వేలితో తుడవండి, అక్షింతల పురుగులు వస్తే వదిలేయండి, అవే తినేస్తాయి. వేపనూనె అయినా ఆకు అడుగున కొట్టండి, పూల మీద పడనీయకండి. గులాబీ ఆకు అంచును కత్తెరతో అర్ధచంద్రాకారంగా కత్తిరించినట్టు ఉంటే అది తెగులు కాదు. ఆకుముక్కతో పిల్లలకు పక్క పరిచే ఈగ ఒకటుంది, ఆ పని దానిది. నాలుగు ఆకులు దానికివ్వండి.

నిమ్మకొమ్మకు అరచేయంత చిన్న పట్టు పెడితే పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవకండి. చిన్న తేనెటీగ అది, దాని దారిన దాన్ని వదిలేస్తే మీ దారిన మిమ్మల్ని వదిలేస్తుంది. అపార్టుమెంటు చూరుకు కొండ తేనెటీగలు పెద్ద పట్టు పెడితే జాగ్రత్త పడాల్సిందే, పిల్లలున్న చోటు. అప్పుడు కూడా పొగబెట్టి కాల్చకుండా తరలించేవాళ్ళను వెతకండి. కొన్ని నెలలకు అవి వాటంతటవే వలస పోతాయని గుర్తుంచుకోండి.

తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి లాంటి వాళ్ళ చలవ వల్ల మిద్దెతోట అనేది ఇప్పుడు ఇంటింటి మాట అయింది. అది చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మేం నేలంతా సిమెంటు చేస్తే మీరు ఆ సిమెంటు పైకి మట్టి మోసుకెళ్తున్నారు. ఆ మట్టిలో కొంచెం వీళ్ళకు కూడా వదలండి అని అడగడానికే ఇంత రాస్తున్నాను. ఒక కుండీలో ఏమీ నాటకండి, తవ్వకండి, తడపకండి, ఎండలో అలా ఉండనివ్వండి. కొత్తిమీర రెండు మొక్కలు కోయకుండా పూతకు వదలండి, తెల్లటి గొడుగు మీద ఎన్ని రకాల బుల్లి ఈగలు వాలతాయో చూస్తే మీకే ఆశ్చర్యం. తులసి వెన్నులన్నీ గిల్లేయకండి. ముద్దమందారం, ముద్దబంతి కళ్ళకు పండగే గానీ ఆ రేకల దొంతరలో ఈగకు దారి దొరకదు, పక్కన ఒక రేకమందారం కూడా పెట్టండి. కుండీ అంచున గడ్డిచేమంతి మొలిస్తే, తుమ్మి మొలిస్తే, కలుపని పీకేసే ముందు ఒక్క పొద్దు ఆగి చూడండి.

నేను ఈ ఏడు ఉగాది వెళ్ళాక మేస్త్రీని పిలిచి పెరట్లో పడమటి గోడ వెంట రెండు గజాలు సిమెంటు పగలగొట్టించాను. బాగున్న సిమెంటు ఎందుకు పగలగొట్టిస్తున్నారని ఆయన మూడుసార్లు అడిగాడు. చెరువు మట్టి, కాస్త ఇసుక కలిపి, తొక్కించి, నడుమెత్తు గోడ పెట్టించాను. వానకు కరగకుండా పైన తాటాకు. ఆస్ట్రేలియాలో ఈ నీలి చారల ఈగల బంధువుల కోసం మట్టి ఇటుకలు చేసి పెడతారని చదివి, పెన్సిలుతో అక్కడక్కడ జానెడు దూరంలో బెజ్జాలు కూడా పొడిచాను. మీకు గోడ కుదరకపోతే పగిలిన కుండలో అదే మట్టి మెత్తి, ఎండాక పక్కకు పడుకోబెట్టి, వాన తగలని మూల పెట్టండి.

శనివారం పొద్దున్న ఆ సొరపిందె అమ్మాయి, వాళ్ళ తమ్ముడు, ఇంకో ముగ్గురు మా ఇంటికి వస్తున్నారు. గుమ్మడిపువ్వు దగ్గర పది నిమిషాలు కూర్చుని ఎవరెవరు వచ్చారో నోటుబుక్కులో రాస్తాం, ప్రతి శనివారం రాయాలని అనుకున్నాం. తర్వాత తుమ్మెదలకు వెదురు ముక్కలు కోస్తాం. ఒక పక్క కణుపు మూసి ఉండేటట్టు, జానెడు పొడవున. దగ్గరలో ఉన్నవాళ్ళు రండి. ఆరింటికల్లా రావాలి, ఎండెక్కితే గుమ్మడిపూలు ముడుచుకుంటాయి. పాత పందిరి గడలు ఇంట్లో ఉంటే పారేయకుండా తీసుకురండి. రంపం నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
మీ మామ్మ